అటక మీది కెమెరా కన్ను తెరిచింది

2023 దసరాకి ముందు రాజమండ్రిలో మా పుట్టింటి అటక దింపాం. ఇల్లు బిల్డరుకి ఇచ్చేద్దామని అన్నయ్యా నేనూ అనుకున్నాక అమ్మ వాదించలేదు. "మీ ఇష్టం" అంది, అంతే. ఆ రెండు మాటలు ఎంత బరువో పుట్టిల్లు ఖాళీ చేసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇత్తడి గంగాళాలు, ఉయ్యాల బల్ల, పురుగు పట్టిన మా స్కూలు పుస్తకాలు దిగాక, వెనకాల తోలుపెట్టెలో నాన్నగారి సినిమా కెమెరా దొరికింది. 1977లో చిన్నాన్న అమెరికా నుంచి తెచ్చిచ్చారు. క్యానన్ కంపెనీది, పిడి పట్టుకుని తుపాకీలా గురిపెట్టాలి. నాన్నగారు పోయి పద్నాలుగేళ్ళు. మూత తెరిస్తే లోపల అరచేతిలో పట్టేంత నల్ల ప్లాస్టిక్ డబ్బా, ఫిల్ముతో సహా!

అమెరికాలో ఉన్న మా మేనల్లుడికి ఈ పిచ్చి ఉంది. ఫోన్లో చూపించాను. "అత్తా, బయటికి కనబడే ఫిల్ము ముక్క మీద 'ఎక్స్‌పోజ్డ్' అని అక్షరాలున్నాయా?" అనడిగాడు. లేవన్నాను. "అయితే తాతయ్య పూర్తి చెయ్యలేదు, మధ్యలో ఆపేశారు" అన్నాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది.

డబ్బా మీద కొడాక్రోమ్ 40 అని రాసి ఉంది. పాత ఇంటి సినిమాల్లో ఎర్రచీర అంత ఎర్రగా కనబడుతుందంటే అది ఆ ఫిల్ము గొప్పతనమే. కానీ చిక్కేమిటంటే, మిగతా రంగు ఫిల్ములకి రంగు పుట్టించే సరుకు ఫిల్ములోనే ఉంటుంది, దీనికి మాత్రం కడిగేటప్పుడు కలపాలి. ఆ విద్య తెలిసిన చివరి ల్యాబ్ అమెరికాలో, కాన్సస్ రాష్ట్రం పార్సన్స్ ఊళ్ళో ఉండేది. 2010 డిసెంబరు 30తో వాళ్ళూ కొత్తవి తీసుకోవడం ఆపేశారు. ఇప్పుడు కొడాక్రోమ్‌ని నలుపు తెలుపుల్లో మాత్రమే కడగగలరు, అదీ ఏ ఒకటి రెండు చోట్లో. అలాంటి ల్యాబ్ కెనడాలో ఉందంటే, తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపాను. నలభై ఏళ్ళకి పైగా గోదావరి ఎండల్లో అటక మీద ఉడికింది కదా, ఆశ పెట్టుకోవద్దన్నారు. పెట్టుకోకుండా ఎలా ఉంటాం?

ముందు ఫిల్ము, తర్వాతే కెమెరా

అది వచ్చేలోగా నాకో ఆలోచన తట్టింది. ఇల్లు పడగొట్టేలోపు, ఆ ఇంట్లో అమ్మని ఇదే కెమెరాతో తీస్తే? ఫోనుతో వెయ్యి వీడియోలు తీశాను, ఒక్కటీ తిరిగి చూడలేదు. మీరు చూస్తున్నారా, నిజం చెప్పండి?

"కెమెరా ఉంటే సరిపోదత్తా. అందులో పట్టే ఫిల్ము ఇప్పుడు దొరుకుతోందా, కడిగేవాళ్ళున్నారా, ముందది చూడాలి" అన్నాడు మేనల్లుడు. అదృష్టం, మాది సూపర్-8. 1965లో కొడాక్ తెచ్చిన పద్ధతి. డబ్బాలో 50 అడుగుల ఫిల్ము చుట్టే ఉంటుంది. మూత తీసి టక్కున పెట్టి వేసేయడమే, చీకటిగది అక్కర్లేదు. సెకనుకి 18 బొమ్మల లెక్కన మూడు నిమిషాల ఇరవై సెకన్లు వస్తుంది. 24 పెడితే రెండున్నర నిమిషాలే.

అంతకంటే పాతది డబుల్-8. చుట్ట ఒకసారి అయ్యాక తిప్పి మళ్ళీ పెట్టాలి. కెమెరాలు చవగ్గా కనిపిస్తాయి కానీ ఫిల్ము కోసం వెతుక్కోవాలి. ఫ్యూజీ వాళ్ళ సింగిల్-8 కెమెరా అయితే ఎంత అందంగా ఉన్నా వద్దంటాను. దాని డబ్బా వేరు, సూపర్-8 డబ్బా అందులో పట్టదు, ఆ కంపెనీ ఆ ఫిల్ము తయారీ మానేసింది. ఇంక 16 ఎం.ఎం. పెద్ద బొమ్మ, మంచి వివరం, ఖర్చూ పెద్దదే. వంద అడుగులు మూడు నిమిషాలు కూడా రాదు. అందులో స్విట్జర్లాండ్ బోలెక్స్‌కి బ్యాటరీ అక్కర్లేదు, గడియారంలా కీ ఇస్తే నడుస్తుంది. 1943లో మాయా డెరెన్ అనే ఆవిడ, తండ్రి పోయాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి సెకండ్‌హ్యాండ్ బోలెక్స్ కొంది. దాంతో భర్తతో కలిసి సొంత ఇంట్లోనే 'మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్' అనే చిన్న సినిమా తీసింది. సినిమా చదువుకునేవాళ్ళు నేటికీ దాన్ని చూస్తారు. స్టూడియో లేదు, సెట్టింగు లేదు. మెట్లు, కిటికీ, రొట్టె కోసే చాకు, అన్నీ ఇంట్లో వస్తువులే!

పాత కెమెరా మీ అటక మీదే దొరికినా, అమ్మేవాళ్ళ దగ్గర చూసినా, తొందరపడకండి. మొదట బ్యాటరీల అర తెరవండి. తెల్లటి, పచ్చటి పొడి రాలితే బ్యాటరీ కారిందన్నమాట. మాదీ కారింది. రేడియోలు బాగుచేసే అతను రేకులు గీకి శుభ్రం చేసిచ్చాడు. తర్వాత ఫిల్ము లేకుండా మీట నొక్కి చెవి దగ్గర పెట్టుకోండి. కుట్టుమిషను బాగా నడుస్తోందో లేదో మనకి చప్పుడుతోనే తెలుస్తుందిగా, ఇదీ అంతే. లెన్సుని వెలుతురుకి పెట్టి చూడండి. సాలెగూడు లాంటి బూజు కనిపిస్తే వదిలేయండి, మన కోస్తా గాలికి అది త్వరగా పడుతుంది. కిటికీ వైపు, గది మూలకి మార్చి మార్చి చూపిస్తే లోపలి సూది కదలాలి. కదలకపోతే వెలుతురు కొలిచే మీటరు పోయినట్టే. కొన్ని కెమెరాల్లో ఆ మీటరుకి విడిగా గుండీలాంటి పాదరసం బ్యాటరీ ఉండేది. ఇప్పుడవి అమ్మడం లేదు, ప్రత్యామ్నాయం చూసుకోవాలి. మామూలు పెన్సిల్ బ్యాటరీలతో అన్నీ నడిచే కెమెరా అయితే గొడవ లేదు.

పెరటికొకటి, వంటింటికొకటి

ఫిల్ము, కడగడం, కంప్యూటర్లోకి ఎక్కించడం కలిపితే ఒక్కో డబ్బాకి ఓ మోస్తరు పట్టుచీర ఖరీదు అయ్యింది. ఇంట్లో ఏమన్నారో అడక్కండి. నాలుగు తెప్పించాను.

పెరట్లో నుయ్యి, తులసికోట, మండువాలో పడే ఎండ, వీటికి 50డి. 'డి' అంటే పగటి వెలుతురు ఫిల్ము. ఎండ బాగా ఉంటే నున్నటి బొమ్మ వస్తుంది. అమ్మ వంటిల్లు మాత్రం మధ్యాహ్నం కూడా చీకటే. దానికి 500టి. 'టి' అంటే పాతకాలం పసుపు బల్బు వెలుగుకి తగినది. తక్కువ వెలుతురులోనూ పనిచేస్తుంది, కాకపోతే బొమ్మలో ఇసుక చల్లినట్టు రేణువులు కనిపిస్తాయి. నాకవే నచ్చాయి. టి ఫిల్ముని ఎండలో వాడితే కెమెరాలో ఉన్న ఆరెంజి ఫిల్టరు వేసుకోవాలి. పగటి ఫిల్ముకి అది తీసేయాలి, మర్చిపోతే అంతా పచ్చకామెర్లే.

మా కెమెరాకి ఫిల్ము వేగాలు రెండే తెలుసు, 40, 160. అలాంటి కెమెరాలే ఎక్కువ. 50ని 40 అనుకుంటే నష్టం లేదు. 500ని 160 అనుకుంటే వెలుతురు ఎక్కువ పడుతుంది. కానీ ఇవి నెగటివు ఫిల్ములు, కాస్త ఎక్కువైనా భరిస్తాయి, తక్కువైతేనే కష్టం. ఎక్టాక్రోమ్ అని 2018లో మళ్ళీ వచ్చింది, కడిగిన ఫిల్మునే ప్రొజెక్టర్లో వేసుకోవచ్చు. రంగులు బ్రహ్మాండం. వెలుతురు లెక్క తప్పితే మాత్రం క్షమించదు. వయసు మళ్ళిన మీటరుని నమ్మి దాన్ని వేసే ధైర్యం నాకు లేకపోయింది.

మొదటి డబ్బా నేనే తగలేశాను. ఫోను అలవాటుతో అటూ ఇటూ ఊపేశాను. చూస్తుంటే అమ్మకి కళ్ళు తిరిగాయి. ఒకచోట నిలబడి, పది లెక్కపెట్టేదాకా కదలకూడదని అప్పుడు బుద్ధొచ్చింది. ఇంకో మాట. కడగని ఫిల్ముని విమానాశ్రయంలో ఎక్స్‌రే యంత్రంలోకి పోనివ్వకండి. 500 లాంటివి తొందరగా పాడవుతాయి. సామాన్లలో పెట్టకుండా చేత్తో పట్టుకుని, విడిగా చూడమని బతిమాలాలి.

ఈలోగా కెనడా నుంచి నాన్నగారి ఫిల్ము వచ్చింది. చాలామటుకు బూడిదరంగు పొగ. మధ్యలో నలభై సెకన్లు మాత్రం మిగిలాయి. నూతి గిలక, ఆరేసిన చీరలు, తర్వాత పంచె కట్టుకుని చేద లాగుతున్న ఒక మనిషి. మెడ పైన ఏమీ లేదు, తల ఫ్రేములోంచి తెగిపోయింది. బొమ్మ ఒకటే వణుకు.

"నాన్నగారా? మరి తీసిందెవరు?" అన్నాను. మా ఇంటి సినిమాల్లో ఆయన ఎక్కడా లేరు, ఎప్పుడూ తీసేవారే గదా.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేనేనే. ఒక్కసారివ్వండి అని లాక్కున్నాను. ఆయన తలకాయ తెగ్గొట్టానని అప్పుడు ఎవరికి తెలుసు!" మళ్ళీ మళ్ళీ వేయించుకుంది. ఆ చేతులు చూసి, "ఎడం చేతికి ఆ దారం తిరపతిలో కట్టించుకున్నది" అంది. నాకైతే దారం కనబడలేదు.

బిల్డరు కాగితాలు తెమిలేసరికి ఏడాది దాటింది. మొన్న సంక్రాంతికి చివరిసారి అందరం ఆ ఇంట్లో చేరాం. వంటింట్లో ఎల్‌ఇడి తీసి, పాత బల్బు కోసం ఊరంతా తిరిగి తెచ్చి పెట్టాను. అమ్మ అరిసెలు చెక్కల మధ్య నొక్కుతుంటే ఒక డబ్బా పూర్తిగా ఆ చేతుల మీదే పెట్టాను. సినిమాకి శబ్దం రాదు, శబ్దం పట్టే ఫిల్ము 1997లోనే ఆపేశారు. అందుకని ఆవిడ కబుర్లు ఫోన్లో విడిగా రికార్డు చేశాను. రెండోది మండువాలో, తులసి దగ్గర.

మూడోదాంట్లో ఓ నిమిషం మిగిలిందనగా, "ఇటియ్యి" అంది అమ్మ. పిడి ఎలా పట్టుకోవాలో చెప్పబోతే, "తెలుసులే" అని కన్ను ఆనించింది. నన్ను నూతి దగ్గర నిలబడమంది. చేదలో నీళ్ళు లేవు, ఉత్త తాడు లాగాను. డబ్బా అయిపోయేదాకా ఆవిడ మీట మీంచి వేలు తియ్యలేదు.

ఇల్లు ఇప్పుడు లేదు. అమ్మ హైదరాబాదులో అన్నయ్య దగ్గర ఉంది. డబ్బాలు మేనల్లుడు ల్యాబ్‌కి ఇచ్చాడు, ఇంకా రాలేదు. రోజూ ఫోన్లో అమ్మ అడిగేది ఒకటే. "వచ్చిందా? ఈసారి తలకాయ ఉందా?"