చాల్ గదికి తగిన వైఫై రౌటరు

2020వ సంవత్సరమున పాఠశాలలు మూతపడి, పాఠములు తెరమీదికి ఎక్కినప్పుడు, ఇంటి కంప్యూటరునకు అంతర్జాలము ఎంత అవసరమో మన తలిదండ్రులందరును గ్రహించిరి. ఆ అంతర్జాలమును తీగ లేకుండ గదిలో పంచిపెట్టు పెట్టెయే వైఫై రౌటరు. దీనిని కొనుటకు గ్రాంట్ రోడ్ వాసులు దూరము పోనక్కరలేదు. స్టేషను చెంతనే లామింగ్టన్ రోడ్డు ఉన్నది. రేడియో సామానులకును, కంప్యూటరు సామానులకును ముంబయి అంతట పేరుపొందిన బజారది. అచ్చట దొరకనిది లేదు. ఏది ఎన్నుకొనవలెనన్నదే చిక్కు.

దుకాణదారుడు సాధారణముగా నాలుగు యాంటెన్నాల పెట్టెను చూపి, ఇది ఎంతో దూరము పోవునని పొగడును. బంగళాలవారికి అది ముఖ్యమే. కామాఠీల పేర వెలసిన మన పేటలో, ఒక్క గదిలో కాపురముండు కుటుంబమునకు దూరముతో పనియేమి? మన కష్టము దూరము కాదు, రద్దీ.

ఎట్లనగా, వైఫై తరంగములలో ముఖ్యముగా రెండు బ్యాండ్లు కలవు. మొదటిది 2.4 గిగాహెర్ట్జ్. దీని తరంగము పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. ఇది గోడలను కొంత సులభముగా దాటును. కనుక ప్రక్క గదుల తరంగములన్నియు మన గదిలోనికి వచ్చును. ఈ బ్యాండులో మన దేశమున 13 చానెళ్లున్నను, ఒకదానిమీద ఒకటి పడకుండ ఒకేసారి పనిచేయగలవి 1, 6, 11 అను మూడే. ఒక అంతస్తులో ఇరువది గదులున్నచో, ఇరువది రౌటర్లును ఆ మూటినే పంచుకొనవలెను. ఒకటి మాటలాడుచుండగా తక్కినవి ఆగవలెను. ఉదయము నల్లా వద్ద బిందెల వరుసను చూచినవారికి ఇంతకంటె వివరింపనక్కరలేదు. బ్లూటూత్ పరికరములును, మైక్రోవేవ్ పొయ్యిలును ఈ బ్యాండులోనే చొరబడును.

రెండవది 5 గిగాహెర్ట్జ్. దీని తరంగము ఆరు సెంటీమీటర్లలోపే, చానెళ్లు ఎక్కువ. 2018లో మన ప్రభుత్వము అనుమతిపత్రము లేకుండ ఇందు వాడుకొనదగిన భాగమును పెంచినది. ఇది గోడ దాటునప్పుడు బలహీనపడును. పెద్ద ఇంటిలో దోషమైన ఈ గుణమే మనకు మేలు చేయును: పొరుగువారి తరంగము వారి గోడవద్దనే చాలవరకు సన్నగిల్లును, మనది మన గదిలో నిలుచును. నడుమ చెక్క పలకలు మాత్రమే ఉన్నచోట ఈ మేలు కొంత తగ్గును.

కావున రెండు బ్యాండ్లును గల, అనగా దుకాణములలో డ్యూయల్ బ్యాండ్ అనబడు, మధ్యరకపు రౌటరు చాలును. యాంటెన్నాల సంఖ్యను చూచి అధికముగా చెల్లింపవలదు. పాత కంప్యూటరు 5 గిగాహెర్ట్జ్ అందుకొనునో లేదో ముందు విచారింపుడు. కనెక్షను వేగము సెకనుకు 100 మెగాబిట్లకు మించినచో గిగాబిట్ పోర్టులున్న రౌటరునే అడుగుడు. కంపెనీవారు అమర్చిన పెట్టెలోనే రెండు బ్యాండ్ల వైఫై ఉన్నచో వేరొకటి కొనుట వృథా. బల్లమీద కదలక ఉండు కంప్యూటరును తీగతోనే కలుపుట అన్నిటికంటె ఉత్తమము, ఖర్చును స్వల్పము.

రౌటరును ఇనుప బీరువా వెనుక దాచక, ఎత్తుగా, బయలుగా ఉంచుడు. సెట్టింగులలో డబ్ల్యూ.పి.ఎ. 2 గాని, డబ్ల్యూ.పి.ఎ. 3 గాని ఎంచుకొని, పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మార్చుడు. పొరుగు పిల్లలు పరీక్షల వేళ అడిగినచో కాదనుట మన చాళ్ల మర్యాద కాదు. చాల రౌటర్లలో అతిథుల కొరకు గెస్ట్ నెట్‌వర్క్ అను వేరొక పేరును, పాస్‌వర్డును ఏర్పరచు వీలు కలదు. వారికి అదియే ఇచ్చి, పరీక్షలు ముగిసిన పిమ్మట మార్చవచ్చును.