తాళాల గుత్తి, ప్రార్థన, మాత్ర

“దేవుని నమ్ముకున్నాము గదండీ, ఇంకా మాత్రలెందుకు?” అని మూర్ఛరోగుల ఇంటివారు మమ్మల్ని అడుగుతుంటారు. జవాబుకు ముందు, మన కృష్ణా జిల్లా వారొకరు లేవదీసిన వాదన గుర్తు చేస్తాము.

గోరాగా పేరుపొందిన గోపరాజు రామచంద్రరావుగారు వృక్షశాస్త్ర అధ్యాపకులు. నాస్తికత్వం కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో విజయవాడకు మార్చారు. ఆ మధ్యకాలంలో సేవాగ్రాం వెళ్లి గాంధీగారితోనే వాదించారు. అంతా దైవాధీనమనుకునే మనిషి తన కష్టాన్ని, పొరుగువాని అంటరానితనాన్ని కూడా రాతగా సరిపెట్టుకుంటాడన్నది ఆయన అభియోగం. గాంధీగారు తన విశ్వాసం విడువలేదు. అయినా ఇద్దరమూ సత్యాన్ని వెదికేవారమేనని ఒప్పుకున్నారు.

దేవుడు లేడన్న మాట మేము అంగీకరించము. కాని ఆ అభియోగాన్ని తోసిపుచ్చలేము. “దేవుని చిత్తం” అంటూ మాత్రలు మానేసినవారిని మేము చూస్తూనే ఉన్నాము.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం మన ఊళ్లలో అలవాటు. కాసేపటికి ఫిట్స్ ఆగుతుంది, తాళాలకు పేరొస్తుంది! నిజానికి చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. తాళాలు పెట్టకపోయినా ఆగేవే. నూనె రాసి ప్రార్థించగానే ఆగిందన్నప్పుడూ ఇదే ప్రశ్న వేసుకోవాలి. మన ప్రార్థన గనుక దీనికి మినహాయింపు ఇమ్మంటే అది న్యాయం కాదు. మాత్రలనైతే వేసుకున్నవారిని, వేసుకోనివారిని పోల్చి పరీక్షించారు. దేవుడున్నాడా అన్నది అటువంటి పరీక్షకు లొంగే ప్రశ్న కాదు. మాత్ర పనిచేయడం దేవుడు లేడనడానికి రుజువూ కాదు. లూకా వైద్యుడేనని బైబిలే చెబుతున్నది గదా.

కనుక ప్రార్థించండి, మాత్ర కూడా వేయండి. హఠాత్తుగా మానితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. సాధారణంగా రెండేళ్లయినా ఫిట్స్ లేకుండా గడిచాకే, డాక్టరుగారు ఆలోచించి మెల్లగా తగ్గిస్తారు. ఫిట్స్ వచ్చినప్పుడు రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. గడియారం చూడండి, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.