మెడ టక్కుమనిపించుకోకండి

మెడ పట్టేస్తే సెలూన్‌లో తల పట్టి టక్కున తిప్పించుకోవడం చాలామందికి అలవాటు. భాయీ, ఆ చప్పుడు వైద్యం కాదు. మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే ఇల్లంతా మంచాన పడ్డట్టే.

1874లో అమెరికాలో డాక్టర్ ఆండ్రూ టేలర్ స్టిల్ మొదలుపెట్టిన ఆస్టియోపతీ కూడా చేతి వైద్యమే. చదివి నేర్చినవారే చేయాలి. మన యూనానీలో మర్దనను 'దల్క్' అంటాం. గట్టిగా రుద్దితే ఒళ్లు బిగుస్తుందని, మెత్తగా రుద్దితే సడలుతుందని ఇబ్న్ సీనా 'అల్ ఖానూన్'లో చెప్పారు. పట్టేసిన మెడకు కావలసింది రెండోది. గోరువెచ్చని నువ్వుల నూనెతో పది నిమిషాలు, కండ మీదే, ఎముక మీద కాదు. (వయసుతో నా చెయ్యీ మెత్తబడింది, మంచిదే అయింది.)

చెయ్యి తిమ్మిరెక్కినా, మాట తడబడినా, నడక తూలినా నూనె గిన్నె పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.