ఆల్టర్నేటర్ మొరాయిస్తే.. విప్పే ముందు పరీక్షించండి
* దోషం తేలాకే పానా పట్టాలి
* బ్యాటరీ మైనస్ తీగ మొదట విప్పాలి.. చివర బిగించాలి
* ఇంటి వద్దే చేసుకోదగిన పని.. జాగ్రత్తలు తప్పనిసరి

ఖాజీపేట: తాళం తిప్పితే ‘టక్’మన్న శబ్దమే తప్ప ఇంజను కదలదు. నలుగురు చేయి వేసి తోస్తే నడుస్తుంది. బ్యాటరీ పోయిందనుకొని కొత్తది వేయిస్తే రెండు రోజులు బాగానే ఉంటుంది. మూడో రోజు కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఇటువంటప్పుడు దోషం బ్యాటరీది కాకపోవచ్చు. దానికి విద్యుత్తు అందించాల్సిన ఆల్టర్నేటర్ పనిచేయడం లేదేమో చూడాలి. పాత తరం వారు దీన్ని ఇప్పటికీ డైనమో అనే పిలుస్తుంటారు.

ఖాజీపేట మండలం మీదుగా కర్నూలు-కడప 40వ జాతీయ రహదారి వెళుతోంది. మైదుకూరు చేరి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు మళ్లేవారు, కడప మీదుగా పులివెందులకు వెళ్లేవారు ఈ దారినే నమ్ముకుంటారు. ఇదే రహదారి కడప దాటాక గువ్వలచెరువు కనుమ ఎక్కుతుంది. రాత్రివేళ ఇటువంటి చోట ఆల్టర్నేటర్ ఆగితే ముందు దీపాలు మసకబారతాయి. తర్వాత ఇంజను ఆగుతుంది. వెలుగు లేని కారును వెనుక నుంచి వచ్చే లారీ గుర్తించేలోపే ప్రమాదం ముంచుకొస్తుంది. కాబట్టి ఇది ఖర్చుకు మాత్రమే కాదు, ప్రాణాలకూ సంబంధించిన విషయం.

ఏమిటీ యంత్రం?

ఇంజను ముందు భాగంలో బెల్టుతో తిరిగే గుండ్రటి లోహపు పెట్టె ఆల్టర్నేటర్. లోపల తిరిగే భాగాన్ని రోటర్, కదలకుండా చుట్టూ ఉండే రాగి తీగల చుట్టను స్టేటర్ అంటారు. రోటర్‌కు రెండు చిన్న కార్బన్ బ్రష్‌ల ద్వారా కొద్దిపాటి విద్యుత్తు అంది, అది అయస్కాంతంలా మారుతుంది. అది తిరిగినప్పుడు స్టేటర్‌లో ఏసీ విద్యుత్తు పుడుతుంది. దాన్ని డయోడ్లు డీసీగా మారుస్తాయి. ఓల్టేజి హద్దు దాటకుండా రెగ్యులేటర్ చూస్తుంది.

సాధారణంగా అరిగేవి బ్రష్‌లు, బేరింగులు. కాలిపోయేవి డయోడ్లు, రెగ్యులేటర్. కడప జిల్లా ఎండలకు బానెట్ కింద వేడి మరింత పెరుగుతుంది. నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్న జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల దుమ్ము తోడైతే గాలి ఆడే రంధ్రాలు పూడుకుపోతాయి. వేడి బయటకు పోయే దారి లేక డయోడ్ల ఆయువు తగ్గుతుంది.

ముందుగా ఇవి చూడాలి

తాళం ‘ఆన్’ చేయగానే డ్యాష్‌బోర్డుపై ఎర్రటి బ్యాటరీ దీపం వెలగాలి. ఇంజను నడవగానే ఆరిపోవాలి. ఆరకపోతే ఛార్జింగ్ లేదని అర్థం. అసలు మొదటే వెలగకపోయినా అనుమానించాల్సిందే. పాత నమూనా కార్లలో రోటర్‌కు తొలి విద్యుత్తు ఆ చిన్న బల్బు గుండానే వెళుతుంది. బల్బు మాడిపోతే మంచి ఆల్టర్నేటర్ కూడా ఛార్జింగ్ మొదలుపెట్టకపోవచ్చు.

తర్వాత ఇంజను ఆపి బెల్టును పరిశీలించాలి. పగుళ్లు, మెరుపు తేలిన అంచులు, నూనె మరకలు ఉంటే బెల్టు జారుతుంది. ఇంజను స్టార్టు చేయగానే ‘కీచు’మని అరవడం దీని గుర్తు. బ్యాటరీ కొనలపై పేరుకున్న తెల్లటి లేదా ఆకుపచ్చ పొడిని వేడినీటితో, పాత బ్రష్‌తో శుభ్రం చేయాలి. ఆల్టర్నేటర్ వద్ద వైర్లు వదులయ్యాయేమో, ప్రధాన ఫ్యూజు కాలిందేమో చూడాలి. చాలాసార్లు సమస్య ఇక్కడే తేలిపోతుంది.

మీటర్ చెప్పేదే సత్యం

సామాన్యమైన డిజిటల్ మల్టీమీటర్ ఒకటి ఉంటే చాలు. దాన్ని డీసీ 20 ఓల్టుల వద్ద ఉంచి బ్యాటరీ ప్లస్, మైనస్ కొనలకు తాకించాలి. కొన్ని గంటలు కదలకుండా ఉన్న కారులో నిండు బ్యాటరీ సుమారు 12.6 ఓల్టులు చూపుతుంది. 12.2 ఉంటే సగం ఖాళీ. 12 కన్నా తగ్గితే దాదాపు అడుగంటినట్లే.

ఇప్పుడు ఇంజను నడిపి మళ్లీ చూడాలి. 13.8 నుంచి 14.5 ఓల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్ బాగానే ఉంది. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి ఇంజను వేగం కొంచెం పెంచినా 13 ఓల్టులకు పైనే నిలవాలి. ఇంజను నడుస్తున్నా 12 ఓల్టుల వద్దే ఉండి క్రమంగా తగ్గుతుంటే ఛార్జింగ్ లేదు. 15 ఓల్టులు దాటితే రెగ్యులేటర్ చెడినట్లు. దీనివల్ల బ్యాటరీలో ఆమ్లం మరిగిపోతుంది, బల్బులు వరుసగా మాడిపోతాయి.

చివరిగా మరొక పరీక్ష ఉంది. మీటర్ ప్లస్ ముల్లును ఆల్టర్నేటర్ వెనుక లావుపాటి వైరు ఉండే కొనకు, మైనస్ ముల్లును బ్యాటరీ మైనస్‌కు తాకించాలి. అక్కడ 14 ఓల్టులు ఉండి బ్యాటరీ వద్ద 12 మాత్రమే ఉంటే దోషం మధ్యలోని వైరుది లేదా ఫ్యూజుది. ఆల్టర్నేటర్‌ను విప్పాల్సిన పనే లేదు. అక్కడా 14 రాకపోతే, బెల్టు, వైర్లు సక్రమంగా ఉంటే, అప్పుడే విప్పాలన్న నిర్ణయానికి రావాలి. ముల్లులు పట్టుకున్నప్పుడు చేతులు, దుస్తులు తిరిగే బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండాలి.

ఆ పాత పరీక్ష వద్దు

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, ఇంజను ఆగకుంటే ఆల్టర్నేటర్ మంచిదేనని చెప్పే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. డైనమోలు ఉన్న పాత అంబాసిడర్ల కాలంలో అది చెల్లింది. ఆల్టర్నేటర్ ఉన్న కారులో బ్యాటరీ హఠాత్తుగా విడిపోతే ఓల్టేజి ఒక్కసారిగా అనేక రెట్లు ఎగసిపడుతుంది. ఆ దెబ్బకు డయోడ్లతో పాటు ఇంజనును నడిపే కంప్యూటర్ పెట్టె కూడా కాలిపోవచ్చు. చిన్న మరమ్మతుతో పోయేది పెద్ద ఖర్చుకు దారితీస్తుంది.

విప్పే పద్ధతి

కారును సమతలమైన నేలపై నిలిపి హ్యాండ్‌బ్రేకు వేయాలి. తాళం తీసి జేబులో పెట్టుకోవాలి. ఇంజను పూర్తిగా చల్లారాలి. చేతి ఉంగరాలు, కడియాలు, లోహపు గడియారం తీసేయాలి. 10, 12, 14, 17 నంబర్ల పానాలు, స్క్రూడ్రైవరు, గట్టి కర్ర సిద్ధం చేసుకోవాలి. కొలతలు కారును బట్టి మారతాయి. బెల్టు తిరిగే దారి, వైర్ల స్థానాలు సెల్‌ఫోనుతో ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు తడుముకోవాల్సిన అవసరం రాదు.

మొదట బ్యాటరీ మైనస్ తీగ విప్పి, తిరిగి తగలకుండా పక్కకు కట్టాలి. ఆల్టర్నేటర్ వెనుక ఉండే లావుపాటి వైరు నేరుగా బ్యాటరీ ప్లస్‌కు కలిసి ఉంటుంది. తాళం తీసినా అందులో విద్యుత్తు ఉంటుంది. మైనస్ తీగ విప్పకుండా అక్కడ పానా పెడితే, అది ఇంజనుకు తగిలిన మరుక్షణం నిప్పులు చెలరేగుతాయి.

తర్వాత రబ్బరు తొడుగు జరిపి ఆ లావు వైరు నట్టు విప్పాలి. చిన్న ప్లగ్గును దాని కొక్కెం నొక్కి లాగాలి. వైర్లు పట్టి లాగకూడదు. ఆపై పైనున్న సర్దుబాటు బోల్టును, కింద ఇరుసులా ఉండే పొడవాటి బోల్టును వదులు చేయాలి. ఆల్టర్నేటర్‌ను ఇంజను వైపు నెడితే బెల్టు వదులై ఊడివస్తుంది. స్ప్రింగు టెన్షనర్ ఉన్న కార్లలో దాన్ని పానాతో పక్కకు తిప్పి పట్టి బెల్టు తీయాలి. చివరిగా బోల్టులు పూర్తిగా తీస్తూ, రెండో చేత్తో ఆల్టర్నేటర్‌ను పట్టుకోవాలి. నాలుగైదు కిలోల బరువుండే ఈ యంత్రం జారితే రేడియేటర్‌కు దెబ్బ తగులుతుంది. కొన్ని కార్లలో ఇది కింది నుంచే బయటకు వస్తుంది. అప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకు దూరరాదు. స్టాండ్లు ఉండాల్సిందే.

మరమ్మతా.. మార్పిడా?

విప్పిన ఆల్టర్నేటర్‌ను ఆటో ఎలక్ట్రీషియన్ వద్ద పరీక్ష చేయించాలి. బ్రష్‌లు, బేరింగులు, రెగ్యులేటర్, డయోడ్ ప్లేటు విడివిడిగా దొరుకుతాయి. అవి మార్చి వాడుకోవడమే చౌక. స్టేటర్ తీగ మాడి నల్లబడితేనే కొత్తదో, తిరగకట్టినదో చూడాలి. కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లాలి. ఆంపియర్లు, పుల్లీపై గాడుల సంఖ్య, ప్లగ్గు ఆకారం, బోల్టు రంధ్రాల మధ్య దూరం.. ఈ నాలుగూ సరిపోవాలి.

బిగించేటప్పుడు..

విప్పిన క్రమానికి వ్యతిరేకంగా సాగాలి. కింది బోల్టు, పై బోల్టు చేతితో ఎక్కించి, బెల్టును గాడుల్లో సరిగా కూర్చోబెట్టాలి. కర్రను ఆనించి ఆల్టర్నేటర్‌ను బయటికి నెడుతూ పై బోల్టు బిగించాలి. పుల్లీ వైపు గట్టి భాగానికే కర్ర ఆనించాలి తప్ప వెనుక భాగానికి కాదు. రెండు పుల్లీల మధ్య పొడవాటి భాగాన్ని బొటనవేలితో నొక్కితే బెల్టు సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. మరీ వదులైతే జారుతుంది. మరీ బిగువైతే బేరింగులు త్వరగా పోతాయి. లావు వైరు నట్టును గట్టిగా బిగించి రబ్బరు తొడుగు వేయాలి. అది వదులుగా ఉంటే వేడెక్కి కాలిపోతుంది. అన్నీ అయ్యాకే బ్యాటరీ మైనస్ తీగ కలపాలి.

అడుగంటిన బ్యాటరీని కొత్త ఆల్టర్నేటర్‌తో నింపాలని చూడొద్దు. ఆ భారానికి అది వేడెక్కి దెబ్బతింటుంది. ముందుగా ఛార్జరుతో నింపి, తర్వాత ఇంజను నడిపి మీటర్‌తో 13.8-14.5 ఓల్టులు వస్తున్నాయో లేదో చూసుకోవాలి. కొత్త బెల్టు సాగుతుంది కనుక కొద్ది రోజులు తిరిగాక బిగువు మళ్లీ సరిచూడాలి.

డీజిల్ వాహనాలతో జాగ్రత్త

కొన్ని డీజిల్ వాహనాల్లో ఆల్టర్నేటర్ వెనుకే వాక్యూమ్ పంపు ఉంటుంది. బ్రేకు తేలికగా పడటానికి కావాల్సిన వాక్యూమ్‌ను అదే ఇస్తుంది. దానికి ఇంజను నూనె గొట్టాలు కూడా ఉంటాయి. అవి సరిగా బిగియకపోతే నూనె కారడమే కాదు, బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఇలాంటి వాహనాన్ని బిగించాక ఇంటి ముందే నెమ్మదిగా నడిపి, బ్రేకు చూసుకున్న తర్వాతే రోడ్డెక్కించాలి. ఏమాత్రం అనుమానమున్నా మెకానిక్‌కు చూపాలి.

వారంటీలో ఉన్న కార్లు, ఓల్టేజిని కంప్యూటరే నియంత్రించే కొత్త నమూనాలు, స్టార్టరు-జనరేటరు ఒకే యంత్రంగా ఉండే హైబ్రిడ్ కార్ల జోలికి ఇంటి వద్ద పోకపోవడమే మేలు. వీటిలో ఓల్టేజి అవసరాన్ని బట్టి మారుతూ ఉంటుంది కనుక పైన చెప్పిన లెక్కలు అన్నివేళలా వర్తించవు.

దారిలో దీపం వెలిగితే..

ప్రయాణంలో ఎర్రటి బ్యాటరీ దీపం వెలిగితే మొదట ఇంజను వేడిని చూపే ముల్లును గమనించాలి. కొన్ని కార్లలో నీటి పంపును తిప్పేదీ అదే బెల్టు. అది తెగి వేడి పెరుగుతుంటే వెంటనే ఆపాలి. వేడి పెరగకపోతే ఏసీ, బ్లోయరు, పాటల పెట్టె ఆపి దగ్గరలోని ఊరికి చేరుకోవాలి. మధ్యలో ఇంజను ఆపితే మళ్లీ స్టార్టు కాకపోవచ్చు. హెడ్‌లైట్లు రెండూ కలిసి సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. 35 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ వాటితో పాటు ఇంజనునూ ఎంతోసేపు మోయలేదు. రాత్రివేళ దీపాలు ఆపి నడపడం ప్రాణాంతకం. కనుక వెలుగు తగ్గకముందే పెట్రోలు బంకు వద్దో, ఊరి సెంటర్‌లోనో ఆగడం ఉత్తమం. రహదారిపైనే ఆగాల్సి వస్తే కారును అంచుకు తీసి, హెచ్చరిక త్రికోణాన్ని వెనుక దూరంగా ఉంచి, మనుషులు దిగి రోడ్డుకు ఎడంగా నిలబడాలి. జాతీయ రహదారులపై సాయం కోసం 1033 నంబరుకు ఫోన్ చేయవచ్చు.