కంప్యూటరుకు పునాది – అమూర్తీకరణ

వారసులు ఆస్తి పంచుకుంటారు. వర్తకులు లాభం పంచుకుంటారు. కాలువ తవ్వేవారు మట్టి లెక్క చూసుకుంటారు. పైకి ఇవి వేర్వేరు వ్యవహారాలు. బాగ్దాదు నగరంలో ఖలీఫా అల్ మామూన్ (క్రీ.శ. 813–833) కాలంలో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ వీటన్నిటి వెనుక ఒకే లెక్కను చూశాడు. తెలియని పరిమాణానికి ఆయన పెట్టిన పేరు ‘షై’, అనగా ‘వస్తువు’. అది దీనారాలా, భూమా అన్న ప్రశ్నను ప్రక్కన పెట్టి, సమీకరణాలను ఆరు రకాలుగా విభజించి, ఒక్కొక్క రకానికి సాధన క్రమాన్ని వివరించాడు. ఆయన గ్రంథం పేరు నుండి ‘ఆల్జీబ్రా’, ఆయన పేరు నుండి ‘అల్గారిదమ్’ అనే పదాలు పుట్టాయి.

ఈ విధంగా అవసరం లేని వివరాన్ని ప్రక్కన పెట్టి, అవసరమైన సంబంధాన్ని మాత్రమే గ్రహించటాన్ని అమూర్తీకరణ అంటారు. కంప్యూటరు నిర్మాణమంతా దీనిపైనే ఆధారపడి ఉంది.

1854లో జార్జి బూల్ తర్కాన్ని బీజగణిత రూపంలో చెప్పాడు. నిజానికి 1, అబద్ధానికి 0. అదే బీజగణితం విద్యుత్ స్విచ్చులకు కూడా వర్తిస్తుందని 1937లో క్లాడ్ షానన్ తన సిద్ధాంత వ్యాసంలో నిరూపించాడు. రెండు అంకెలలో ఒకటి మాత్రమే 1 అయితే మొత్తం 1. రెండూ 1 అయితే మొత్తం 0, ఒక 1 ఎడమ స్థానానికి పోతుంది. కొద్ది స్విచ్చులతో ఈ కూడిక జరుగుతుంది. కూడిక వంటి పనులను కలిపి యంత్రాదేశాలు, యంత్రాదేశాలపై ప్రోగ్రాం భాషలు ఏర్పడ్డాయి. ప్రోగ్రాం వ్రాసేవాడు స్విచ్చులను తలచుకోనక్కరలేదు. తెలుగు ‘అ’ యూనికోడ్‌లో 3077, అరబీ ‘అలిఫ్’ 1575. యంత్రానికి ఏ భాషా తెలియదు, సంఖ్యలే తెలుసు.

అయితే ప్రక్కన పెట్టిన వివరం మాయమైపోదు. పదింట ఒక వంతును 0, 1 అంకెలతో వ్రాయబోతే, దశాంశాలలో మూడింట ఒక వంతు వలెనే, అది ఎప్పటికీ ముగియదు. ఎక్కడో ఒకచోట తెంచవలసిందే. పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ గడియారం కాలాన్ని సెకనులో పదో వంతులుగా లెక్కించేది. దానిని సెకన్లలోకి మార్చేటప్పుడు ఆ భిన్నాన్ని 24 అంకెల వద్ద తెంచారు. సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఒక పేట్రియాట్ కేంద్రం సుమారు 100 గంటలు ఆగకుండా నడిచింది. అంతటి అల్ప దోషమూ పెరిగి దాదాపు 0.34 సెకను అయింది. అంతలో స్కడ్ క్షిపణి అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. 1991 ఫిబ్రవరి 25న వచ్చిన స్కడ్‌ను ఆ కేంద్రం అడ్డగించలేకపోయింది. 28 మంది అమెరికా సైనికులు మరణించారు.

అమూర్తీకరణ లేనిదే కంప్యూటరు లేదు. కాని దేనిని ప్రక్కన పెట్టామో గుర్తుంచుకునే బాధ్యత యంత్రానిది కాదు, మనిషిది.