పఫ్పు వెనక కథ: ఇన్‌హేలర్ పుట్టుక, పాఠాలు

ఉబ్బసం మందు పనిచేయాల్సిన చోటు ఊపిరితిత్తుల్లోని సన్నని గాలిగొట్టాలు. మాత్ర వేసుకుంటే ఆ మందు పొట్టలోంచి రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి అక్కడికి చేరుతుంది. ఈలోగా గుండెదడ, చేతుల వణుకు మొదలవుతాయి. సాల్బుటమాల్ మాత్రలో 2 నుంచి 4 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఇన్‌హేలర్ ఒక్క పఫ్పులో ఉండేది 100 మైక్రోగ్రాములే, అంటే మిల్లీగ్రాములో పదో వంతు. అంత కొద్దిపాటి మందుతోనే నిమిషాల్లో ఆయాసం తగ్గుతుంది.

ఇన్‌హేలర్ రాకముందు రబ్బరు బుడ్డి ఉన్న గాజు నెబ్యులైజర్లు వాడేవారు. బుడ్డి నొక్కితే మందు తుంపరలుగా వచ్చేది. గాజు పగిలేది, తుంపర ఒక్కోసారి ఎక్కువ, ఒక్కోసారి తక్కువ పడేది. అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో రైకర్ లాబొరేటరీస్ అధిపతి జార్జ్ మైసన్ కూతురు సూసీకి ఉబ్బసం ఉండేది. జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా తన మందునూ డబ్బాలో పెట్టకూడదా అని 1955లో ఆ అమ్మాయి తండ్రిని అడిగింది. మైసన్ ఆ మాటను పట్టుకున్నాడు. ఫిలిప్ మెష్‌బర్గ్ అనే ఆయన పరిమళ ద్రవ్యాల సీసాల కోసం చేసిన వాల్వు ఒకటి అప్పటికే ఉంది. నొక్కిన ప్రతిసారీ 50 మైక్రోలీటర్లు మాత్రమే బయటికి వదలడం దాని ప్రత్యేకత. ఆ వాల్వుకు తోడు అప్పట్లో ఫ్రిజ్‌లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ వాయువులు దొరికాయి. 1956లో ఎపినెఫ్రిన్, ఐసోప్రెనలిన్ మందులతో ‘మెడిహేలర్’ మార్కెట్లోకి వచ్చింది.

దీని పనితీరుకు ప్రాణం ఆ వాల్వే. డబ్బాలో ఒత్తిడి వల్ల ద్రవంగా మారిన వాయువు, అందులో మందు పొడి ఉంటాయి. నొక్కగానే చిన్న గదిలో కొలిచి ఉంచిన ద్రవం బయటపడి, ఒత్తిడి తగ్గడంతో అక్కడికక్కడే మరిగి ఆవిరైపోతుంది. మందు సన్నని రేణువులుగా మిగులుతుంది. ఈనాటి ఇన్‌హేలర్లలో ఎక్కువగా వాడే వాయువు -26 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కాబట్టి గది వేడి చాలు. రేణువు 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉంటే లోతు గొట్టాల దాకా వెళ్తుంది. అంతకన్నా పెద్దవైతే గొంతులోనే ఆగిపోతాయి.

ఇంత సులువుగా ఉపశమనం దొరకడమే తర్వాత ప్రమాదమైంది. 1960ల్లో ఇంగ్లండ్, వేల్స్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఉబ్బసం మరణాలు ఉన్నట్టుండి పెరిగాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1959-66 మధ్య 10-14 ఏళ్ల పిల్లల్లో అవి దాదాపు ఎనిమిది రెట్లయ్యాయి. మామూలుకన్నా ఐదు రెట్ల మోతాదుండే ‘ఐసోప్రెనలిన్ ఫోర్టే’ అమ్ముడైన దేశాల్లోనే ఈ పెరుగుదల కనబడిందని తర్వాత తేలింది. మందు గుండె మీద చూపిన ప్రభావం ఒక వివరణ. పఫ్పులతో నెట్టుకొస్తూ ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లడం ఇంకొకటి. అసలు లోపం మరొకటి: ఈ మందు బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుందే తప్ప గొట్టం లోపలి వాపును తగ్గించదు. పిల్లికూతలు ఆగినా జబ్బు లోపల ముదురుతూనే ఉంటుంది.

ఇంగ్లండ్‌లోని వేర్ పట్టణంలో అలెన్ అండ్ హాన్‌బరీస్ సంస్థలో డేవిడ్ జాక్ బృందం గుండెను తక్కువగా కదిలించే సాల్బుటమాల్‌ను తయారుచేసింది. అది 1969లో అమ్మకానికి వచ్చింది. ఉబ్బస రోగులకు అంతకన్నా పెద్ద మేలు మూడేళ్ల తర్వాత అదే సంస్థ నుంచి జరిగింది. 1972లో బెక్లోమెథసోన్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌లోకి వచ్చింది. స్టెరాయిడ్ మాత్రలతో ఎముకలు గుల్లబారే, చిన్న వయసులో ఎదుగుదల కుంటుపడే రోగులకు వాపు తగ్గించే మందు నేరుగా గొట్టాలకే అందింది. మన దేశంలో సిప్లా 1970ల్లో ఇన్‌హేలర్లు మొదలుపెట్టింది. అయినా ‘పంపు పట్టుకుంటే జీవితాంతం వదలదు’ అనే భయం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. పంపుకు ఎవరూ బానిసలు కారు. జబ్బు దీర్ఘకాలికం కాబట్టి మందూ దీర్ఘకాలం కావాలి, అంతే.

క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను తినేస్తాయని తెలిశాక, 1987 మాంట్రియల్ ఒప్పందంతో ఇన్‌హేలర్ల వాయువూ క్రమంగా మారింది. కొత్తగా వచ్చిన హైడ్రోఫ్లోరోఆల్కేన్లు ఓజోన్‌ను ముట్టవు, కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనవి. వాటికీ ప్రత్యామ్నాయాలు వస్తున్నాయి.

యంత్రం ఎంత మెరుగైనా చేయి తిరగకపోతే మందు గొంతులోనే ఉండిపోతుంది. డబ్బా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా లోతుగా పీలుస్తూ నొక్కి, పది సెకన్లు బిగబట్టాలి. నొక్కడం, పీల్చడం కలవకపోతే ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ అనే గొట్టం కావాలి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో వైద్యులు 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాకు కన్నం పెట్టి, చుట్టూ గాలి పోకుండా అతికించి పిల్లలకు వాడి చూశారు. కొన్న స్పేసర్‌కు ఏమాత్రం తీసిపోలేదని 1999లో ప్రచురించారు. డబ్బు లేని ఇంటికి ఇంతకన్నా విలువైన పరిశోధన తక్కువే.

తీవ్ర ఉబ్బసం అన్న మాట వాడేముందు వైద్యుడు చూడాల్సింది కూడా ఈ పఫ్పు పద్ధతినే. స్టెరాయిడ్, దీర్ఘకాలం పనిచేసే శ్వాసనాళ విస్తారిణి కలిపి పెద్ద మోతాదులో సరిగ్గా వాడుతున్నా, ఇతర కారణాలు సరిదిద్దినా జబ్బు అదుపులోకి రాకపోతేనే అది తీవ్ర ఉబ్బసం. రోగుల్లో నూటికి సుమారు నలుగురే ఆ కోవలోకి వస్తారని ఒక అంచనా. అదుపు తప్పినట్టు కనిపించే మిగతావారిలో పఫ్పు పద్ధతి తప్పు కావడం, మందు మధ్యలో మానేయడం, పొగతాగడం, ముక్కు జబ్బు, ఊబకాయం, పుల్లటి తేన్పులు వంటివి బయటపడతాయి. సాల్బుటమాల్ డబ్బాలు ఏడాదికి మూడో అంతకన్నా ఎక్కువో ఖర్చయితే ఉబ్బసం తిరగబెట్టే ముప్పు ఎక్కువ. నెలకొకటి చొప్పున అయిపోతే ప్రాణానికే ముప్పు. అందుకే సాల్బుటమాల్‌ను ఒంటరిగా వాడవద్దని అంతర్జాతీయ మార్గదర్శక సంస్థ జీనా 2019లో చెప్పింది. స్టెరాయిడ్, ఫార్మొటెరాల్ అనే శ్వాసనాళ విస్తారిణి కలిసిన ఇన్‌హేలర్‌ను ఆయాసం వచ్చినప్పుడూ వాడమంది.

నిజంగా తీవ్ర ఉబ్బసమని తేలినవారికి రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే కణాలు, ఐజీఈ అనే ప్రతిరక్షకం వంటివి చూసి ఇంజెక్షన్లు ఎంచుకుంటారు. వీటిలో ఒమాలిజుమాబ్‌కు అమెరికాలో 2003లో, మెపోలిజుమాబ్‌కు 2015లో అనుమతి లభించింది. ఇవి వాపును రేపే అణువుల్ని అడ్డుకుని, తరచూ తిరగబెట్టడాన్ని, స్టెరాయిడ్ మాత్రల అవసరాన్ని తగ్గిస్తాయి. ఖరీదు చాలా ఎక్కువ, అందరికీ పనిచేయవు. ఇంజెక్షన్ మొదలుపెట్టినా స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను ఒక్కసారిగా ఆపకూడదు.