ఇంటి ప్లగ్గుతో త్రీ ఫేజ్ లేత్ తిరుగుతుందా?

సెకండ్ హ్యాండ్‌లో లేత్ చవగ్గా దొరికింది, తీరా చూస్తే త్రీ ఫేజ్ మోటారు. ఇంట్లో ఉన్నదేమో సింగిల్ ఫేజ్. ఇప్పుడెలా? ఈ ఎపిసోడ్‌లో అదే చూద్దాం.

దీనికి వీఎఫ్‌డీ అనే డ్రైవ్ కావాలి. ఇది ఇంటి 230 వోల్టుల ఏసీని ముందు డీసీగా మార్చి, దాన్నుంచి మూడు ఫేజులు తయారు చేస్తుంది. సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్, త్రీ ఫేజ్ అవుట్‌పుట్ అని అడిగి తీసుకోండి.

అసలు తిరకాసు ఇక్కడుంది. మన మోటారు 415 వోల్టులది, మామూలు డ్రైవ్ ఇచ్చేది 230. మరి సరిపోతుందా? చిన్న మోటార్లు చాలావరకు స్టార్ కనెక్షన్‌లో ఉంటాయి. స్టార్‌లో ఒక్కో వైండింగ్‌కి అందేది 240 వోల్టులే! అందుకే డెల్టాలోకి మారిస్తే 230తోనే దాదాపు పూర్తి బలంతో తిరుగుతుంది. టెర్మినల్ బాక్సులో ఆరు కొనలుంటే పట్టీలు మారిస్తే చాలు. మూడే ఉంటే రివైండింగ్ షాపుకి తీసుకెళ్లాలి. నేమ్ ప్లేట్ మీద 415 డెల్టా అని ఉంటే మాత్రం ఈ పద్ధతి కుదరదు.

1 హెచ్‌పీ మోటారుకైతే 16 ఆంప్స్ సాకెట్ వాడండి, ఫ్యాన్లూ చార్జర్లూ పెట్టే 6 ఆంప్స్‌ది వద్దు. డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య స్విచ్ పెట్టొద్దు, ఆన్ ఆఫ్ డ్రైవ్ మీదే చేయాలి.

చివరగా ఒక్క మాట. ప్లగ్ పీకేశాక కూడా డ్రైవ్ కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు ఉంటుంది. కనీసం పది నిమిషాలు ఆగి, మీటర్‌తో చూశాకే మూత తీయండి. ఎర్తింగ్ లేకుండా అస్సలు నడపొద్దు. వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మళ్లీ కలుద్దాం!